నోరు తెరవని పక్షి

మా బావ పళ్ళ డాక్టరు. ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించాడు గానీ, మా అక్క నోరు మాత్రం మూయించలేకపోయాడు. క్లినిక్‌కి ఎదురుగానే నా టైలరింగ్ షాపు. ఎవరి నడుము ఎన్ని అంగుళాలు పెరిగిందో నాకు తెలుసు, ఎవరివి కట్టుడు పళ్ళో ఆయనకి తెలుసు. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుంటే ఈ ఊళ్ళో ఎవరికీ పరువు మిగలదు.

ఆ బావకి పక్షుల పిచ్చి. పదకొండేళ్ళుగా మెళ్ళో బైనాక్యులర్స్ వేసుకుని సముద్రపు ఒడ్డంతా తిరుగుతున్నాడు. ఆయన చూశానన్న ఒక్క అరుదైన పక్షినీ ఊళ్ళోని పక్షుల సంఘం వాళ్ళు ఇంతవరకు ఒప్పుకోలేదు. "కాకిని చూసుంటారు డాక్టరుగారూ" అని పోస్టుమాస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. సంఘం జాబితాలో పోస్టుమాస్టరు పేరు మీద అరుదైనవి మూడున్నాయి మరి.

ఆ సాయంత్రం బావ షాపులోకి వచ్చి మెల్లగా అన్నాడు, "పిల్లా, నాకో సాక్షి కావాలి."

"అక్క మీద కేసా?"

"వేళాకోళం వద్దు. ఒడ్డున బండల దగ్గర ఒక సీగల్ పక్షి ఉంది. మామూలుదో అరుదైనదో తేలడం లేదు. రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి."

తేడాలు రెండేనట. అరుదైనదానికి రెక్క చివరి ఈక మీద తెల్లటి చుక్క ఉంటుంది, నోటి లోపలి రంగు వేరుగా ఉంటుంది. చుక్క కనపడాలంటే అది ఎగరాలి. నెల రోజులుగా అది ఎగరడం మానేసింది. ఇక మిగిలింది నోరు. ఇద్దరు చూడాలి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా చెరో కాగితం మీద రాయాలి. రెండూ కలిస్తేనే సంఘం ఒప్పుకుంటుంది. రేపటితో ఈ ఏటి జాబితా మూసేస్తారు.

"ఈ ఒక్కటీ దక్కితే చాలు నాకు," అన్నాడు.  నేను వెక్కిరించకుండా ఊరుకున్నాను. నాకది అలవాటు లేని పని.

బండల దగ్గరికి వెళ్ళేసరికి ఎండ తగ్గింది. కుళ్ళిన నాచు వాసన. బావ బకెట్ మూత తీశాడు. నిండా చేపల పేగులు. 

పక్షి బండ మీద కూర్చుని ఉంది. బాతంత లావు. తెల్లగా ఉండాల్సిన రొమ్ము మీద ఈకలన్నీ జిడ్డుతో అట్టలు కట్టాయి. మమ్మల్ని చూసి కదల్లేదు.

"రోజూ మేపుతున్నాను. అలవాటు పడింది," గుసగుసగా అన్నాడు బావ.

ఒక పేగు విసిరాడు. అది జారి పక్షి కాళ్ళ మీద పడింది. పక్షి ముక్కుతో అందుకుంది. జిగురుగా సాగింది. మింగలేదు.

నమిలింది.

పక్షులు నమలవు. అంతమాత్రం నాకూ తెలుసు.

కర్... కర్... కర్...

తర్వాత మెడ ముందుకు చాచి దగ్గింది. తడి ముద్ద ఒకటి కక్కింది. గులాబి రంగు దూది. దాన్ని చూస్తూనే పెద్దగా నోరు తెరిచింది.

బావ చూశాడు. మాట్లాడకుండా బైనాక్యులర్స్ నాకిచ్చాడు.

ఎర్రటి చిగుళ్ళు. చిగుళ్ళలో పళ్ళు. మనుషుల పళ్ళు. పసుపుపచ్చవి, పుచ్చినవి, ఒకరి నోట్లోవి కావు... అయినా వరసలో ఉన్నాయి. ఒకదాంట్లో వెండి మెరిసింది. అది పోస్టుమాస్టరుది. ఆయన నోటికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకుంటాడో అప్పుడు అర్థమైంది. చివరన ఏటవాలుగా విరిగిన దంతం ఒకటి.

నా నాలుక దానంతట అదే కుడివైపు ఖాళీలోకి వెళ్ళింది. ఐదు వారాల కిందట అక్కడి పన్ను బావే పీకాడు.

కాగితం మీద "పళ్ళు" అని రాశాను. బావ కాగితం మీద ఇంకేదైనా ఉంటే బాగుండుననుకున్నాను. పసుపో, గులాబో... ఏదైనా.

తీసుకుని చూశాను.

"కింది వరుస. పద్నాలుగు. కుడివైపు చివరిది మరదలిది."

"బావా... ఈ బకెట్ ఎక్కడిది?"

"క్లినిక్‌లోదే. మూలన ఖాళీగా ఉంటేనూ..."

"ఖాళీగానా?"

పీకిన పళ్ళూ, దూదీ నర్సు అందులోనే పడేస్తుందని ఊరందరికీ తెలుసు. బావకే తెలీదు. ఆయన చూపెప్పుడూ కిటికీలోంచి ఆకాశం మీదే.

"సరే, మింగింది. మరి చిగుళ్ళలోకి ఎలా వచ్చాయి?"

"ఇంటికి పోదాం పద," అన్నాడు.

తెల్లారేసరికి నా నోట్లో దురద. నాలుక పెడితే ఖాళీలో గరుగ్గా ఏదో తగిలింది. వేలు పెట్టడానికి ధైర్యం చాలలేదు. తిన్నగా క్లినిక్‌కి వెళ్ళాను. ఆదివారం, బావ ఒక్కడే ఉన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేశాడు. పట్టకారు పెట్టి లాగాడు.

నొప్పి లేదు. జారుతూ వచ్చింది... ఇంకా వచ్చింది... గొంతులోంచి వస్తున్నట్టు. నాకు డోకు వచ్చింది.

ఈక. ఉమ్ముతో, చీముతో చుట్టుకుపోయిన పొడవాటి ఈక.

బావ దాన్ని దూదితో తుడిచి లైటు కింద పరిచాడు. చివరన తెల్లటి చుక్క.

"అరుదైనదే పిల్లా!" ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. సొరుగులోంచి సంఘం వాళ్ళ ఫారం తీశాడు. "ఇవాళే ఆఖరు. సంతకం పెట్టు."

పదకొండేళ్ళు. పెన్ను అందుకున్నాను.

పక్కన వెయిటింగ్ రూములోంచి అదే నమిలే చప్పుడు. కర్... కర్...

బావ ఫారం మీంచి తల ఎత్తలేదు.

ఇంకా తెరిచే ఉన్న నోరు మూశాను. చప్పుడు ఆగింది.

మెల్లగా తెరిచాను.

కర్...