ఎదురుగా కూర్చుని నేర్చిన కుట్టు

వారం రోజులుగా భాను నోట ఒక్క మాట లేదు! నిద్ర లేచింది మొదలు ఇల్లంతా తానై తిరిగే ఏడేళ్ల పిల్ల... ఇప్పుడు పెడితే తింటుంది, లేకుంటే లేదు. రాతకూ అన్నానికీ ఎడమ చెయ్యే ముందుకొస్తోందని నానమ్మ బతుకమ్మ ఆ చేతిని పాత చీర పీలికతో నడుముకు కట్టిన నాటి నుంచి ఇదే వరస. బడి నుంచి కూడా పిల్లకేమైందని కబురొచ్చింది. కన్నతల్లి సరిత ఉండబట్టలేక అత్త దగ్గరికి వెళ్లింది.

"విప్పుదాం అత్తమ్మా... పిల్ల బెంగటిల్లింది."

"రేపు అత్తగారింట్ల గా చేత్తోనే వడ్డిస్తే ఊకుంటరా? నువ్వు నడుమల రాకు."

బొగ్గుబాయిలో పనిచేసే భర్త వీరేందర్ తల్లి మాటకు ఎదురుచెప్పడు. తానూ ఆ ఒక్క మాటతోనే ఆగిపోయింది. సరితకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లవారుజామున చలిలో షిఫ్టుకు పోయే అతని కోసం మఫ్లర్ అల్లాలని ఆమెకు ఆశ. కొత్తగూడెంలో స్వెట్టర్లు అల్లి అమ్మే మెహర్, మధ్యాహ్నాలు సరిత వాళ్ల క్వార్టర్ వరండాలోనే కూర్చుని నేర్పుతోంది.

"కుట్టులకు సూది పెట్టు, ఊలు చుట్టు, బయటికి గుంజు, పాతది వదిలెయ్. గిది సీదా. ఊలు ముందరికి తెచ్చి అల్లితే ఉల్టా."

వినడానికి ఎంత సులువు! సరిత ఇరవై కుట్లు ఎక్కిస్తే వరస చివరికి పదిహేడు మిగిలాయి. మెహర్ నవ్వబోయి ఆగింది. ఎదురుగా చాప మీద కూర్చున్న భాను చూపు సూదుల మీదే ఉంది. కట్టేసిన చేతి వేళ్లు వాటంతటవే ఆడుతున్నాయి.

"సరితా, పిల్ల చెయ్యి విప్పు," అంది మెహర్.

సరిత గుమ్మం వైపు చూసింది. లోపల అత్త కునుకు తీస్తోంది... బిడ్డ కోసమైనా ధైర్యం చేయకపోతే తానేం తల్లి? ముడి విప్పేసింది! మెహర్ ఇంకో జత సూదులు పిల్ల చేతిలో పెట్టింది.

మెహర్ కుడిచేత్తో చేసేదంతా, ఎదురుగా ఉన్న భాను అద్దంలో చూసినట్టు ఎడమచేత్తో చేసింది. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా... ఒక్క కుట్టూ జారలేదు.

"ఏందిది?"

గడపలో బతుకమ్మ! సరిత బిడ్డకు అడ్డంగా లేచి నిలబడింది.

"నన్నెంతన్న తిట్టు అత్తమ్మా. మల్ల గా చెయ్యి కట్టనియ్య."

బతుకమ్మ తిట్టలేదు. అల్లికను తీసుకుని వేళ్లతో తడిమి, చాప మీద కూలబడి, తన ఎడమ అరచెయ్యి చాపింది. నడిమధ్యన కాలిన పాత మచ్చ.

"నాది గూడ గీ చెయ్యే బిడ్డా. చిన్నప్పుడు మా ఊరు పినపాకల అమ్మ అట్లకాడ కాల్చి వాత పెట్టింది. నా మన్మరాలికి గా బాధ వద్దనే... గుడ్డతోని కట్టిన. నాకు తెల్సింది గంతే."

ఇన్నేళ్లూ కఠినురాలనుకున్న మనిషి... కడుపులో ఇంత దాచుకుందా! సరిత ఏడుస్తూ ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుంది.

కాసేపటికి బతుకమ్మ మనవరాలి పక్కకు జరిగింది. "నాకు గూడ నేర్పుతవా?"

అరవై ఏళ్ల తర్వాత ఆ ఎడమ చెయ్యి పనికి పూనుకుంది. ఊలును బిగబట్టి లాగింది.

భాను కాసేపు చూసి, నానమ్మ వేళ్లను మెల్లగా సర్దింది.

"గట్ల గుంజకు నానమ్మా," అంది. "వదులుగ పట్టుకో."