లివరు పట్టిన చెయ్యి

మరిది కూతురు దుర్గకు పసుపు దంచే రోజున, రోకలికి మొదటి చెయ్యి వెయ్యవలసిన పెద్దమ్మ జగ్గమ్మను గుమ్మంలోనే ఆపేసింది తోటికోడలు రాజకుమారి.

"నువ్వక్కడే ఉండు. ఆ సెయ్యి నా బిడ్డ పసుపు మీద పడొద్దు."

అరిచి అనలేదు. మెల్లగానే అంది. అందుకే అది మరీ లోపలికి దిగింది. ముత్తయిదువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అత్తగారు అసిరమ్మ మంచం మీద కూర్చునే మొహం అటు తిప్పుకుంది. పిల్లలు లేని జగ్గమ్మ ఆ దుర్గను ఎత్తుకుని పెంచింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని తెల్లవార్లూ కూర్చుంది... ఇప్పుడు ఆ పిల్ల పెళ్ళికే ఆమె చెయ్యి పనికిరాకుండా పోయింది. తల వంచుకుని వీధి దాటి తన ఇంటికి వచ్చేసింది.

ఆ చెయ్యి చేసిన పాపం ఊరందరికీ తెలుసు. దుర్గ చిన్నపిల్లగా ఉన్నప్పటి మాట. మెట్టచేలో ట్రాక్టరుతో దున్నుతుంటే, వెనకున్న గొర్రు పళ్ళకు గడ్డి చుట్టుకుంది. దాన్ని లాగెయ్యడానికి మరిది మురళీమోహన్ పైకెత్తిన గొర్రు కిందికి దూరాడు. జగ్గమ్మ భర్త ధనరాజ్ నీళ్ళు తాగడానికి దిగుతూ, చేలో పనికి వచ్చిన భార్యను ట్రాక్టరు సీటు మీద కూర్చోబెట్టి, "గొర్రు దిగకుండా ఈ లివరు పైకే పట్టుకో, వదలకు" అన్నాడు. ఆమె రెండు చేతులా పట్టుకుంది. ఇంజను తిరుగుతూనే ఉంది. అంతలో ఏమైందో, గొర్రు దభీమని పడింది. మురళి కాలు పోయింది.

"నేను వదల్లేదు" అని జగ్గమ్మ మొదట్లో అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. అప్పుడు ధనరాజే ఆమె తల నిమిరి, "భయంలో నీకు తెలీకుండానే వదిలేసుంటావులే, ఏడవకు" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో! ఆ మెత్తదనానికే ఆమె తన చేతిని తానే అనుమానించడం మొదలుపెట్టింది. మరిది పుండు కడిగింది. వాళ్ళ చేను కలుపు తీసింది, వాళ్ళ గేదెకు గడ్డి మోసింది. రాజకుమారి ఆ ఊడిగమంతా చేయించుకుంది కానీ, ఆనాటి నుంచి ఆమెను 'అక్కా' అని ఒక్కసారి పిలవలేదు.

ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ధనరాజ్ ఇంటి పక్క కళ్ళంలో ట్రాక్టరు దగ్గర ఉన్నారు. మామగారి కాలం నాటి బండి. రంగు ఎప్పుడో పోయింది గానీ ఇంజను ఇంకా మొండిగా తిరుగుతుంది. ముందురోజు వాన పడింది. పెళ్ళి హడావిడి మొదలయ్యేలోగా ఒక దుక్కి దున్నేద్దామంటే గొర్రు లోతుకు దిగడం లేదు. మురళి పెట్టుడుకాలు చాపుకుని పీట మీద కూర్చుని, లివరు కింది కడ్డీకున్న నట్టును పానాతో తిప్పుతున్నాడు. జగ్గమ్మ టీ తెచ్చి పక్కన నిలబడింది.

"ఇంకాస్త తిప్పితే లోతుకెళ్తాదిరా అన్నా" అన్నాడు మురళి.

"ఒరే, అంత తిప్పకు" అన్నాడు ధనరాజ్ చక్రానికున్న మట్టి గీకుతూ, తల ఎత్తకుండానే. "అలా తిప్పితే లివరు పైనున్నా గొర్రు నిలబడదు. దిగిపోతాది."

పానా ఆగింది.

"నీకెలా తెలుసు?" అన్నాడు మురళి.

మట్టి గీకుతున్న ధనరాజ్ చెయ్యి ఆగిపోయింది. మురళి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నట్టును ఇంకా తిప్పాడు. లేచి, ట్రాక్టరు పట్టుకుని నిలబడి, ఇంజను వేశాడు. లివరు పూర్తిగా పైకి లాగాడు. గొర్రు లేచింది. చెయ్యి తీసేశాడు. లివరు పైనే ఉంది, కదల్లేదు... గొర్రు మాత్రం కొంచెం వణికి, దభీమని నేలకు కొట్టుకుంది.

జగ్గమ్మ టీ గ్లాసు నేల మీద పెట్టి, పైనే ఉన్న ఆ లివరును చూసింది.

"ఆ పొద్దున ఈ నట్టు నానే తిప్పినాను" అన్నాడు ధనరాజ్, ఎవరి వైపూ చూడకుండా. "లోతు దుక్కి కావాలని... ఇలా అవుతాదని తెలీదురా. సాయంత్రం సూసుకుని, మళ్ళీ సరిసేసీసినాను."

"తెలిసినాకయినా నాకెందుకు సెప్పలేదు మావా?" అంది జగ్గమ్మ.

"ఆడు నా తోడబుట్టినోడు. నా వల్ల కాలు పోయిందంటే అమ్మ నా మొగం సూడదు. నువ్వయితే... నువ్వు నా మనిషివి. ఓర్సుకుంటావనుకున్నాను."

మురళి కర్ర అందుకుని వీధి దాటి తన ఇంటికి వెళ్ళాడు. కాసేపటికి రోకళ్ళ చప్పుడు ఆగిపోయింది. పసుపు చేతులతోనే రాజకుమారి పరుగెత్తుకొచ్చింది. కళ్ళంలోనే కూలబడి జగ్గమ్మ కాళ్ళు పట్టుకుంది.

"అక్కా... నన్ను కొట్టక్కా. ఎన్ని మాటలన్నాను..."

వెనకే కర్ర పొడుచుకుంటూ వచ్చిన అసిరమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది. "ఏదయితేనేటి, సీటు మీద కూకున్నాది అదే కదా" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది.

జగ్గమ్మ నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. కాళ్ళ మీది చేతులను మెల్లగా విడిపించింది.

"లే రాజీ. పిల్ల కోసం వస్తాను. దాని తప్పేటున్నాది? నిన్ను దగ్గరికి తీసుకోవాలంటే మాత్రం... ఈ రోజు నాకు సేతకాదు. మనసు రాడం లేదు."

వెళ్ళింది. రోకలి ఎత్తింది. దుర్గ వచ్చి వీపుకు కరుచుకుని ఏడుస్తుంటే, పిల్ల జుట్టు సవరించింది. ముత్తయిదువులు ఆమెకు దారి ఇచ్చారు. వాళ్ళ కళ్ళల్లో జాలి చూసి, వెనకటి అసహ్యమే నయమనిపించింది ఆమెకు. దానికి అలవాటు పడిపోయింది మరి!

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. ధనరాజ్ పెరటి అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

"నన్నేటి సేస్తావు జగ్గా?" అన్నాడు అక్కడి నుంచే. "మీ అన్నలకు సెప్తావా? ఎళ్ళిపోతావా?"

"ఎక్కడికెళ్తాను?" ఎసట్లో బియ్యం పోసి కలుపుతూ అంది. "అన్నం పెడతాను. బట్టలుతుకుతాను. మాట మాత్రం అడక్కు మావా."

కంచం పెట్టి, కూర వడ్డించి, మంచినీళ్ళు పక్కన ఉంచింది. అతను ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె ఉప్పుగిన్నె తెచ్చి కంచం దగ్గర పెట్టి, ఇవతలికి వచ్చేసింది.