వానపాము పాము కాదు

"వెన్నెముక ఉన్న జంతువు పేరొకటి చెప్పండక్కా," అన్నాడు ట్యూషన్ సార్ రఘు.

"వానపాము," అనేసింది మనస్వి.

రఘు ఆ జవాబును తమిళంలో చెప్పాడు. తిరువళ్ళూరు ట్యూషన్లోని తమిళ పిల్లలంతా గొల్లుమన్నారు. "అదు పాంబు ఇల్లక్కా, పుళు!" పాము కాదు, పురుగంట.

మనస్వి తల దించుకుంది. అమ్మ చనిపోయిన ఏడాది బడి మానేసి, ఇన్నాళ్లకు పదో తరగతి ప్రైవేటుగా కడుతోంది. తిరుత్తణిలోని ఇంట్లో ఆమె, మగ్గం, పొదుపుగా మాట్లాడే నాన్న. అంతే.

సాయంత్రం రైల్వే స్టేషన్లో రఘును నిలదీసింది.

"అందరి ముందర నవ్వులపాలు చేసినారే సార్! పేరులోనే పాము ఉండాది, నేనేం చేసేది?"

"తప్పు నాదేనక్కా. కానీ పేర్లను నమ్మొద్దు. నక్షత్రచేప చేప కాదు, దానికి ముళ్ల చర్మం. జెల్లీచేపా చేప కాదు. తినేదీ, బయటికి వదిలేదీ అంతా ఒకే నోటితోనే."

"ఛీ!" అంటూనే నవ్వేసింది.

తిరునిన్రవూరు వైపు పోయే బండి అతనిది. ఆ రోజు దాన్ని వదిలేశాడు. తర్వాత రోజూ వదిలేస్తూనే ఉన్నాడు, ఆమె బండి వచ్చేదాకా పాఠం చెబుతూ. స్పాంజికి ఒళ్లంతా చిల్లులు. వానపాముకు ఒళ్లంతా ఉంగరాలు. నత్తది మెత్తటి ఒళ్లు, పైన గట్టి గుల్ల. ఇంటికెళ్లి మగ్గం ముందు కూర్చుని అవన్నీ పైకే చెప్పుకునేది. అడిగేవాళ్లు లేరు, తప్పయితే నవ్వేవాళ్లూ లేరు.

ఒకరోజు వాన. ప్లాట్‌ఫారం రేకుల మీద ఒకటే మోత.

"రేపట్నుంచి నేను రానక్కా. ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో ల్యాబ్ పని దొరికింది."

"మంచిదే సార్," అంది.

"ఇంకొక్క గ్రూపు మిగిలుండాది. ఆర్థ్రోపొడా. కీళ్ల కాళ్లు, పైన పెంకు. పీత పెరిగేటప్పుడు పాత పెంకు విడిచేస్తాది. కొత్తది గట్టిపడేదాకా యాడో దాక్కోనుంటాది."

"ఒంటిగానా?"

"ఒంటిగానే."

"పాపం," అంది. కళ్లు నిండిపోయాయి.

"ఏడుస్తా ఉండారా అక్కా?"

"అక్కా, అక్కా! ఆ పేరన్నా నమ్మొచ్చా సార్?"

రఘు తడుస్తున్న పట్టాల వైపు చూశాడు.

"నమ్మొద్దు," అన్నాడు చివరికి. "అదీ వానపాము మాదిరే."

వాన చినుకులు మొహం మీద పడుతున్నా మనస్వి కదల్లేదు.

"పొయ్యేరోజా చెప్పేది ఈ మాట?"

"భయం. నాకు వెన్నెముక ఉండాదో లేదో నాకే తెలీకపాయె."

తిరుత్తణి బండి వచ్చింది. ఆమె ఎక్కింది. వెనకే అతనూ ఎక్కాడు.

"యాడికి?"

"మీ ఇంటికే. మీ నాయనతో మాట్లాడాల."

"టికెట్టు?"

రఘు జేబులు తడుముకున్నాడు. "తిరునిన్రవూరుకే ఉండాది."

"అయ్యో, దిగు రఘూ, దిగు!" చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ దిగారు. బండి కదిలిపోయింది.

"నీకు టికెట్టు ఉండాది కదా, నువ్వెందుకు దిగినావు?"

మనస్వి వెళ్లిపోతున్న బండిని చూసింది. సార్ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఇంకో బండి ఎప్పుడంట?"

"వానకు లేటవుతాదంట."

"కానీలే," అంది, చెయ్యి వదలకుండా.