అనసూయ నిద్రపోలేదు

ఫ్యాక్టరీ సైరన్ మోగేసరికే హైమావతి ఒక పని పూర్తి చేసి రెండో పనిలో ఉంది. కుళాయి వచ్చిన గంటలోనే కట్టేస్తారు కాబట్టి ముందు నీళ్లు పట్టుకుంది. తర్వాత పొట్టు పొయ్యిలో రంపపు పొట్టు దట్టించి రాజేసింది. కిరసనాయిలు దొరకని రోజులవి. స్టవ్వు వెలిగేది ఒక్క కాఫీకే.

"క్యారియరు అయిందా? బస్సు వెళ్లిపోతుంది" అన్నాడు బాపిరాజు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"అయిందండీ. కూర వేడిగా ఉంది, మూత జాగ్రత్త."

అతను వెళ్లాక పిల్లలిద్దర్నీ లేపి, జడలు వేసి, బడికి పంపింది. అప్పుడు బిందె చంకన పెట్టుకుని పటేల్‌గూడ వైపు బావికి నడిచింది. అత్తగారు వెంకటరమణమ్మకు కుళాయి నీళ్లతో ఉడికిన పప్పు సయించదు. పాలకొల్లు దగ్గర పుట్టి పెరిగిన మనిషి. కొడుక్కి ఇక్కడి భారీ యంత్రాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని ఈ ఎర్రమట్టి నేలకి వచ్చింది గానీ, ఇక్కడి నీళ్లతో మాత్రం రాజీ పడలేదు.

హైమావతి బిందె దించేసరికి అత్తగారు గోడ పట్టుకుని వంటింటి గడపదాకా వచ్చింది. రెండు కళ్లకీ శుక్లాలు. పొర ఇంకా ముదరలేదు, ముదిరాక కోస్తామన్నాడు డాక్టరు.

"హైమా, ఇవాళ శుక్రవారమే కదూ?"

"అవునండీ అత్తయ్యగారూ."

"అయితే పుస్తకం వస్తుంది. ఈ వారం మన అనసూయ ముందుందో, ఆ నర్సు పిల్ల ముందుందో!"

పుస్తకం అంటే వారపత్రిక. అందులో రెండు సీరియళ్లు నడుస్తున్నాయి. ఒకటి అనసూయ అనే కోడలి కథ. ఇంకొకటి లలిత అనే నర్సు కథ. పాఠకులు రాసిన కార్డులు లెక్కపెట్టి ఏ సీరియల్ ముందుందో ప్రతి వారం చివరి పేజీలో వేస్తారు. ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఆడవాళ్లకి ఆ చివరి పేజీ ఎన్నికల ఫలితాల కన్నా ఎక్కువ. లలిత పక్షానికి పక్కింటి కమలాకుమారి పెద్ద. అనసూయ పక్షానికి వెంకటరమణమ్మ పెద్ద. చూపు తగ్గాక కుట్టూ పోయింది, ముగ్గూ పోయింది, నలుగురిలో ఆవిడ మాటకి విలువ మిగిలింది ఆ ఒక్క చోటే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పత్రిక వచ్చింది. బాపిరాజు షిఫ్టు దిగి వచ్చి, తిని, లోపలి గదిలో అప్పుడే గురక పెడుతున్నాడు. హైమావతి గిన్నెలు తోమి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, అత్తగారి మంచం పక్కన చాప మీద కూర్చుంది.

"ముందు చివరి పేజీ చూడు."

"లలితే ముందుందండీ. కొంచెమే తేడా."

"అన్యాయం! కమలాకుమారి వాళ్ల చుట్టాలందరి చేతా రాయిస్తోంది. సరే, చదువు."

హైమావతి చదవసాగింది. మొదటి పేజీ బాగానే సాగింది. రెండో పేజీ తిప్పగానే అనసూయ తెల్లవారుజామున లేచింది. పేడ ఎత్తింది, కళ్లాపి చల్లింది, ఇడ్లీ పిండి రుబ్బింది, మామగారి పాదాలు ఒత్తింది. ఆ పేజీ అడుగు దాకా అనసూయ పనులే. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నట్టు అనిపించి హైమావతి కళ్లు నులుముకుంది. ఆ పేజీ పైకి చదివే ఓపిక ఆమెకి లేదు. కొన్నాళ్లుగా చేస్తున్న పనే మళ్లీ చేసింది.

"'భోజనాలయ్యాక అత్తగారు అనసూయను పిలిచి, కాసేపు పడుకోమ్మా అంది. అనసూయ హాయిగా నిద్రపోయింది'" అని చదివినట్టే చెప్పి, కథలో పోస్టుమాన్ వచ్చే చోట అందుకుంది.

వెంకటరమణమ్మ తృప్తిగా నిట్టూర్చింది. "చూశావా, ఎంత మంచి అత్తగారో! ఈ కథ నాకెందుకిష్టమంటే అందుకే. అందరూ అత్తగార్లని గయ్యాళుల్ని చేసి రాస్తారు. ఈ రచయిత్రి ఒక్కతే న్యాయంగా రాస్తోంది."

హైమావతి తల ఎత్తలేదు. మొదటిసారి ఒక పేరా దాటేసినప్పుడు తప్పు చేసినట్టే అనిపించింది. తర్వాత అలవాటైపోయింది. కథలో అనసూయ పని చేసిన ప్రతిచోటా, హైమావతి నోట ఆమె నిద్రపోతోంది.

సాయంత్రం వరండాలో ఆడవాళ్లు చేరారు. కమలాకుమారి తన పత్రిక చేత పట్టుకునే వచ్చింది. నర్సింహమ్మ పెరుగు ముంత దించి గుమ్మం పక్కన చతికిలబడింది. ఆమెది కిష్టారెడ్డిపేట. భర్త మొగులయ్య అదే ఫ్యాక్టరీలో హెల్పరు. చదువు రాకపోయినా పెరుగు పోసే ఇళ్లలో ఎక్కడ చదువుతుంటే అక్కడ కూర్చుని రెండు కథలూ వింటుంది.

"ఏమంటారు పిన్నిగారూ? మళ్లీ మా లలితే!" అంది కమలాకుమారి.

"మీ లలిత ఏం చేసిందని ముందుందే? డాక్టరు వెనకాల తిరగడం తప్ప!"

"ఉద్యోగం చేస్తోందండీ. మీ అనసూయలాగా వంటింట్లో పడి ఏడవట్లేదు."

"ఏడవడమేవిటి? అనసూయకి ఏం తక్కువ? అత్తగారు మహాతల్లి. రోజూ మధ్యాహ్నం దాన్ని పిలిచి మరీ పడుకోబెడుతుంది. ఇవాళ కూడా హాయిగా నిద్రపోయింది. నీ లలితకి రాత్రి డ్యూటీలే గానీ నిద్రేదీ?"

నర్సింహమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, నువ్వు జెప్పేది ఏ కథనే? గా పిల్ల ఏడ పండింది? ఇందాక కమలమ్మ సదువంగ నేను ఇన్న గద. పొద్దుగాల లేసిన పిల్ల మల్ల కూసున్నదే లేదు. గా అత్త పండనిస్తదా? పీక్కతింటది!"

"నీకు సరిగ్గా వినబడి ఉండదు నర్సింహమ్మా."

"చెవులు మంచిగనే ఉన్నయమ్మా. జెర కమలమ్మనే అడుగు."

కమలాకుమారి నవ్వు ఆపుకోలేకపోయింది. "పిన్నిగారూ, ఈ కథలో అనసూయ ఇంతవరకూ ఒక్కసారి కూడా నిద్రపోలేదండీ. కావాలంటే వినండి." పత్రిక తెరిచి గొంతు సవరించుకుంది. "'సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. అనసూయ ఇంకా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. అయినా ఆమె ముఖంలో అలసట అన్నదే లేదు. పెదవులపై చిరునవ్వు చెదరలేదు. పని మిగిలి ఉండగా పడక ఎక్కే కోడలు ఒక కోడలేనా? అంది అత్తగారు.'"

ఎవరో కిసుక్కున నవ్వారు. "పాపం, హైమ ఏదో సొంత కథ చెబుతున్నట్టుంది మీకు" అంది కమలాకుమారి. గుమ్మంలో మజ్జిగ గ్లాసులతో నిలబడిన హైమావతి కనబడగానే నాలుక కరుచుకుంది.

వెంకటరమణమ్మ లేచి, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయింది. వరండా ఖాళీ అయింది.

అప్పుడే లేచిన బాపిరాజు అంతా విన్నాడు. "ఇదేం పని హైమా? అమ్మకున్నది ఆ ఒక్క సరదా. కళ్లు కనబడని మనిషిని మోసం చేస్తావా? నలుగురిలో నవ్వులపాలు చేశావు."

"మోసం చెయ్యాలని కాదండీ."

"మరి? రెండు పేజీలు చదవడానికి ఏమొచ్చింది? కూర్చుని చేసే పనేగా!"

హైమావతి గ్లాసుల పళ్లెం కింద పెట్టింది. ఇన్నాళ్లూ రాని మాట బయటికి వచ్చేసింది.

"కూర్చుని చేసే పనే. రోజంతటిలో నేను కూర్చునేది అప్పుడే. అప్పుడు కూడా ఆ పిల్ల పేడెత్తింది, పిండి రుబ్బింది, అయినా నవ్వుతూనే ఉంది అని నా నోటితో నేనే చదవాలి. నాకు చేతకాలేదండీ. ఆ నవ్వు చదవడానికి నాకు గొంతు రాలేదు. అందుకే పడుకోబెట్టాను దాన్ని. నేను ఎలాగూ పడుకోలేను, అదైనా పడుకుంటుందని."

లోపల్నుంచి అత్తగారి గొంతు వినబడింది.

"హైమా, పుస్తకం పట్టుకుని ఇలా రా."

హైమావతి వెళ్లింది.

"ఇవాళ దాటేసిన పేజీ చదువు. ఒక్క ముక్క వదలకు."

దీపం వెయ్యకుండానే, కిటికీలోంచి వస్తున్న మసక వెలుతురులో చదివింది. పేడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కళ్లాపి, పిండి, మామగారి పాదాలు. తర్వాత దూరపు చెరువు నుంచి తాగేనీళ్లు. ఆ మాట దగ్గర ఆగిపోయింది. మళ్లీ చదవబోయింది.

"ఆగు" అంది వెంకటరమణమ్మ. చెయ్యి చాచి కోడలి మోచెయ్యి వెతుక్కుంది. "ఈ పిల్ల ఇప్పటిదాకా తిన్నదేదీ?"

"తినలేదండీ. రాయలేదు."

"నువ్వు తిన్నావా?"

హైమావతికి వెంటనే గుర్తు రాలేదు. ఆ ఆలస్యమే అత్తగారికి జవాబైపోయింది.

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"మీరెప్పుడూ మెచ్చుకుంటారు కదండీ. మా కోడలు అలుపెరగదు, ఒక్కనాడు నడుం వాల్చి ఎరగదు అని అందరికీ చెబుతారు. ఇంకేం చెప్పను?"

వెంకటరమణమ్మ ఆ మోచెయ్యి వదల్లేదు.

"మా అత్తగారు నా గురించీ అచ్చం అలాగే చెప్పేదే. నాకు జ్వరమొచ్చిన రోజు కూడా ఆ మాట నిలబెట్టడానికి లేచి ధాన్యం దంచాను. ఆవిడ పోయినప్పుడు అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఇక కాసేపు కూర్చోవచ్చు అనిపించింది. అలా అనిపించిందని ఎవరికీ చెప్పలేదు, ఇవాళ్టిదాకా." చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "నువ్వు కల్పించిన అత్తగారు ఎంత బాగుందే! అది నేనే అనుకుని మురిసిపోయాను. నా మొహం కనబడక!"

"అయ్యో, అంత మాటెందుకండీ..." హైమావతికి ఏడుపు ఆగలేదు. మంచం పట్టె మీద తల ఆనించింది. ఆవిడ చెయ్యి నెత్తి మీద పడింది. అలవాటు లేని చెయ్యి, కొంచెం బరువుగా.

"బాపీ!" అని కేకేసింది కాసేపటికి. "రేపట్నుంచి బావినీళ్లు వద్దు. కుళాయి నీళ్లతోనే వండుకుందాం. ఉడికినంత ఉడుకుతుంది. ఆ కుళాయి నీళ్లు నువ్వు పట్టు."

"నాకు ఆరింటికి షిఫ్టు కదమ్మా" అని నసిగాడు బాపిరాజు, గుమ్మంలోంచి.

"నీది మధ్యాహ్నానికి దిగుతుంది. దీని షిఫ్టు ఎప్పుడు దిగుతుందిరా?"

బాపిరాజు వరండాలోకి వెళ్లి, మజ్జిగ గ్లాసుల పళ్లెం ఎత్తి వంటింట్లోకి తెచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

ఒక్క వారంలో ఇల్లంతా మారిపోలేదు. బాపిరాజు పట్టిన బిందెలు సగం ఒలికాయి. రెండు రోజులు విసుక్కున్నాడు కూడా. వెంకటరమణమ్మ చింతపండు పిక్కలు తీస్తానని కూర్చుని, చూపు ఆనక తారుమారుగా పిక్కలు గిన్నెలోనూ పండు చేటలోనూ వేసింది. హైమావతి అది చూసి నవ్వింది. ఆ ఇంట్లో నవ్వి చాలా రోజులైందని నవ్వాకే తెలిసింది.

శుక్రవారం పత్రిక వచ్చింది. హైమావతి చేతులు తుడుచుకుని చాప దగ్గరికి రాబోయింది.

"నేను పిలిచానా?" అంది అత్తగారు. "లోపల మంచం ఖాళీగా ఉంది. మీ ఆయన్ని కిరసనాయిలు క్యూకి తోలాను. వెళ్లు."

"మరి పుస్తకమండీ?"

"పుస్తకం ఎక్కడికి పోతుంది? సాయంత్రం చదువుకుందాం."

హైమావతి పడుకుంది. పగటిపూట ఆ గది పైకప్పు చూడటం కొత్తగా ఉంది. కాసేపటికి వరండాలో చెప్పుల చప్పుడు, కమలాకుమారి గొంతు వినబడ్డాయి.

"పిన్నిగారూ, పోయినవారం నేనలా నవ్వకుండా ఉండాల్సింది. ఏమనుకోకండి. హైమ ఏదీ?"

"మెల్లగా మాట్లాడు. పడుకుంది."

"పట్టపగలా! ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. పడుకుంది, అంతే. పడుకోకూడదా?"

"మంచిపని జేసినవమ్మా" అంది నర్సింహమ్మ, పెరుగు ముంత చప్పుడు కాకుండా దించుతూ. "ఇగ జెప్పు, గీ వారం ఎవరు ముందున్నరు?"

"ఇంకా చూడలేదే. నీ పుస్తకం తియ్యి కమలా. ఆ చివరి పేజీ చదువు, గుసగుసగా."

కాగితాలు తిప్పుతున్న శబ్దం. తర్వాత ముగ్గురూ గొంతులు అణుచుకుని మొదలుపెట్టారు. "అన్యాయం" అంది ఒకరు. "ష్" అంది ఇంకొకరు. ఫలితం ఏమిటో వినాలని హైమావతి తలగడ మీద నుంచి తల కొంచెం ఎత్తింది. మళ్లీ దించింది. ఎవరు గెలిచారో ఆమెకి వినబడలేదు.