ముప్ఫై ఒక్క జవాబులు

సరిగ్గా పదకొండు గంటలకు ముప్ఫై ఒక్క తలపుపట్టీలూ ఆకుపచ్చగా వెలిగాయి. మెరకపాలెం ప్రాథమిక పాఠశాలలో సంవత్సరాంత ప్రమాణ పరీక్ష ముగిసింది. మరుక్షణమే గోడ మీది ఫలితఫలకం అంకె చూపించింది. నూటికి తొంభై ఏడు. ప్రధానోపాధ్యాయురాలు హైమావతి ఊపిరి పీల్చుకుంది.

నాలుగేళ్ళ కిందట ఇదే బడికి వచ్చింది యాభై రెండు. మూసెయ్యమని ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ రోజుల్లోనే పరీక్షల మండలి నిపుణులు ఒక సంగతి కనిపెట్టారు. పిల్లలు మార్కులు పోగొట్టుకుంటున్నది తప్పు రాసి కాదు, రాయకుండా వదిలేసి. తెలియదనుకున్న చోట ఆగిపోతున్నారు. ఆ ఆగడాన్ని మాన్పించడానికి వచ్చిందే తలపుపట్టీ. రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ, నుదుటికి కట్టుకోవాలి. పిల్ల తడబడితే అది సన్నగా బిగుస్తుంది. ఏదో ఒక జవాబు ఎంచుకోగానే వదులై కణతల దగ్గర హాయిగా వెచ్చబడుతుంది. ఏడాది తిరిగేసరికి పిల్లలు ఆగడం మానేశారు. వాళ్ళ ఊహలు చాలామటుకు నిజమయ్యేవి కూడా. బడి నిలబడింది.

ఆ ఉదయం హైమావతిని కలవరపెట్టింది ఒక్క పిల్లే. ఏడేళ్ళ పైడి. జీడిపిక్కల కార్ఖానాలో కొత్తగా పనికి కుదిరిన గౌరమ్మ కూతురు. చేరి నాలుగు రోజులే అయింది, పట్టీ ఇంకా రాలేదు. ఏదడిగినా కళ్ళు పెద్దవి చేసుకుని కాసేపు ఆలోచించేది. "నాకు తెల్దు టీచర్" అనేది, సిగ్గేమీ లేకుండా. మిగతా పిల్లలు ఆమెను వింతగా చూసేవారు.

పట్టీ లేని పిల్ల పరీక్షకు కూర్చుంటే అంకె ఎంత పడిపోతుందో హైమావతికి తెలుసు. అందుకే గంట కొట్టకముందే ఆమెను గుమ్మం దాకా నడిపించింది.

"పైడీ, ఈ పూట బయట ఆడుకో అమ్మా. పిలిచినప్పుడు వద్దువుగాని."

"ఎంతసేపు టీచర్?"

"కాసేపే."

ఇప్పుడు పిలవబోతే ఆవరణలో పిల్ల లేదు. కుళాయి దగ్గర లేదు, వంటపాకలో లేదు. హైమావతి గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"పిల్లలూ, పైడిని ఎవరైనా చూశారా?"

"సముద్రం వైపు వెళ్ళింది టీచర్," అంది అయిదో తరగతి కుసుమ.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"గవ్వలేరడానికి వెళ్ళింది," అన్నాడు పక్కనున్న కుర్రాడు.

"చేతిలో డబ్బా ఉంది."

"నీలం డబ్బా."

ఒక్కరి గొంతులోనూ తడబాటు లేదు. ముఖాల్లో అబద్ధపు ఛాయ లేదు. చెబుతున్నది కళ్ళముందు కనిపిస్తున్నట్టే చెప్పారు, ముప్ఫై ఒక్కమందీ. హైమావతి నమ్మింది.

ఊరంతా సముద్రం వైపు కదిలింది. పడవలు అలలు దాటాయి. జీడితోటల మీద కాపలా తిరిగే గాలికళ్ళు అనే ఎగిరే యంత్రాలను కూడా వెనక్కి పిలిపించి నీళ్ళ మీదికి పంపారు. గౌరమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కూతురి పేరు పిలుస్తూనే ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, వాలింది. ఏమీ దొరకలేదు.

నాలుగు గంటలకు తోటలో జీడిపళ్ళు ఏరుతున్న ఒకామె పాడుబడ్డ నేలబావి గట్టున చిన్న చెప్పు చూసింది. బడికి అది రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. పిల్లను పైకి తీశారు. మధ్యాహ్నం రెండింటి దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు.

అప్పుడు గుర్తొచ్చింది హైమావతికి. పరీక్ష రోజున కిటికీలు మూసి ఉండాలన్నది నియమం. తలుపూ మూసే ఉంది. ఆవరణను ఎవరూ చూసే వీలే లేదు.

మర్నాడు కుసుమను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"కిటికీలు మూసి ఉన్నాయి కదమ్మా. ఎలా చూశావు?"

"తలుపు సందులోంచి టీచర్."

హైమావతి ఆ పిల్ల పట్టీ విప్పింది. కింద చర్మం పాలిపోయి గీతలా ఉంది. మళ్ళీ అడిగింది. జవాబు మారలేదు, ఆలస్యమూ కాలేదు.

మూడో రోజు మండలి నుంచి విచారణాధికారి వచ్చాడు. పాప ఎందుకు బయటికి వెళ్ళిందని పిల్లల్ని అడిగాడు. తనే వెళ్ళిందన్నారు. టీచర్ చెయ్యి పట్టుకుని ఆపితే విడిపించుకుందన్నారు.

"కాదండీ, నేనే పంపాను," అంది హైమావతి.

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. "ముప్ఫై ఒక్కమంది ఒకే మాట చెబుతున్నారమ్మా. మీరు దుఃఖంలో ఉన్నారు. కొన్నాళ్ళు సెలవు పెట్టండి."

ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన పిల్లల వాంగ్మూలాలే నమోదు చేసుకుని వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు సాయంత్రం హైమావతి కార్ఖానా వెనక సందులో ఉన్న గౌరమ్మ ఇంటికి వెళ్ళింది. గౌరమ్మ అరుగు మీద చాప పరచుకుని ఒక్కతే కూర్చుంది. జీడినూనెకు నల్లబడిన అరచేతులు ఒళ్ళో ఉన్నాయి. హైమావతి నిలబడే చెప్పింది, కూర్చుంటే చెప్పలేనేమోనని.

"గౌరమ్మా, పాపను బయటికి పంపింది నేను. మార్కులు తగ్గిపోతాయని పంపాను. లోపల కూర్చోనిస్తే బతికుండేది."

గౌరమ్మ లేచి, కొంగుతో ఆమె చెంపలు తుడిచింది.

"నాకు అంతా తెలుసు టీచరమ్మా. పిల్లలు సెప్పారు. మీరు ఆపినా ఇడిపించుకుని ఎల్లిందంట. అది పెంకిదేనమ్మా, నా పిల్ల నాకు తెల్దా?"

"వాళ్ళకు తెలియదు గౌరమ్మా. ఎవరూ చూడలేదు. ఒక్కరూ చూడలేదు."

"అంతమంది పిల్లలు అబద్దమాడతారేటమ్మా? రోజూ వచ్చి సెప్తన్నారు. నొప్పేటీ తెలీలేదంట దానికి. నిద్దరోయినట్టు పోయిందంట. ఆకర్న అమ్మా అని పిలిసిందంట. ఆ మాట పట్టుకునే నాను బతుకుతున్నాను. మీ మీద మీరు నేరం ఏసుకోకండి. కూకోండి."

ఆ పిలుపు కూడా పిల్లల ఊహేనన్న మాట హైమావతి నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. అది చెబితే ఈ మనిషికి ఇంకేం మిగులుతుందో ఆమెకు అర్థం కాలేదు. చెప్పకపోతే తను ఎలా బతకాలో అంతకన్నా అర్థం కాలేదు.

సందు మొదట్లో అడుగుల చప్పుడైంది. బడి వదిలిన పిల్లలు వస్తున్నారు, ముందు కుసుమ. గౌరమ్మ చాప మీద పక్కకు జరిగి వాళ్ళకు చోటిచ్చింది.

"రండమ్మా. ఒక్కటడగడం మర్సిపోనాను. ఆ పొద్దు నా పాపకి ఆకలేసిందా..."

మాట పూర్తి కాకముందే మూడు గొంతులు జవాబు చెప్పాయి.