మూతకు పడ్డ చిల్లు

డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని నర్సు చెప్పింది. నిన్న ఉదయం వార్డులో పక్క దుప్పటి మారుస్తుంటే, ఎవరో వాడేసిన సూది ఆమె అరచేతిలో దిగబడింది. పెద్ద డాక్టరు వచ్చి, ఆ మంచం మీది రోగి రక్తంలో ఏ జబ్బూ లేదనీ, మందులు అక్కర్లేదనీ అన్నాడు. నింద ఊడ్చే ఆయమ్మ మీద పడింది. నర్సు మీది పాత పగతో పరుపులో సూది గుచ్చిందని ఆమెను గేటు దాటించేశారు.

“ఆయమ్మ అలాంటిది కాదండీ,” అంది నర్సు.

ఊళ్ళో అందరూ ‘భూతద్దం’ అని పిలిచే ఆ డిటెక్టివ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. ముందు ఆమెను వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళి, సూది వల్ల జబ్బు అంటకుండా ముందుజాగ్రత్త మాత్రలు మొదలుపెట్టించాడు. మొదట్లో కడుపులో తిప్పుతుందని అక్కడి డాక్టరమ్మ హెచ్చరించింది. ప్రాణం తరవాతే కేసు అనే ఆ పద్ధతి వల్లే, అతని దగ్గర అసిస్టెంటుగా చేరిన మేనకోడలికి మావయ్యంటే అంత గురి.

వార్డులో ఆ మంచం కింద మేనకోడలికి ఒక సూది మూత దొరికింది. దాని పక్క భాగంలో సన్నటి చిల్లు ఉంది. పెద్ద డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు, కానీ కాఫీ వాసనకే ముఖం తిప్పుకున్నాడు. వేలికున్న ప్లాస్టరు గురించి అడిగితే, ఆపిల్ కోస్తుంటే తెగిందన్నాడు.

సాయంత్రం భూతద్దం అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. ఆయమ్మనూ పిలిపించాడు.

“పగతో సూది గుచ్చేవాళ్ళు దానికి మూత పెట్టబోరు,” అన్నాడు. ఎవరో రక్తం తీశాక, చేయకూడని పని చేశారు. వాడిన సూదికి మళ్ళీ మూత తొడగబోయారు. సూది మూతను చీల్చుకుని, పట్టుకున్న వేలిలో దిగింది. కంగారులో దాన్ని పరుపులో గుచ్చేసి కుళాయి దగ్గరికి పరుగెత్తారు. “నర్సుకన్నా ముందే ఆ సూది ఇంకొకరిని పొడిచింది. వాళ్ళూ అవే మాత్రలు మింగుతున్నారు. అందుకే కాఫీ సయించడం లేదు.”

చూపులన్నీ ప్లాస్టరు మీదికి పోయాయి. పెద్ద డాక్టరు తల దించుకున్నాడు. రోగి రక్తంలో జబ్బుందని ఆయనకు ముందే తెలుసు. తన సంగతి బయటపడితే ఆపరేషన్లు చేయనివ్వరని భయపడ్డానన్నాడు.



“మీరు మాత్ర ఎప్పుడు వేసుకున్నారు సార్?” నర్సు నెమ్మదిగా అడిగింది.

“వెంటనే.”

“మరి నాకెందుకు వద్దన్నారు?”

“నీకిస్తే, ఆ సూది ఎవరిదని అడుగుతారని.”

డాక్టరు ఉద్యోగం పోయింది. ఆయమ్మ తిరిగి పనిలో చేరింది. కొన్ని నెలలకు నర్సు రక్తంలో ఏమీ లేదని చివరి పరీక్ష తేల్చింది. ఆ కబురు ఆమె మొదట ఆయమ్మకే ఫోన్ చేసి చెప్పింది. అవతల ఆయమ్మ ఏడ్చేసింది.