చోయా ముళ్ల దారి

"ఎడారి నడక. పన్నెండు మంది. అందులో మిరేయా అనే డ్రోన్ ఇంజినీరు మన వైపు వచ్చేస్తోంది. ఆమెను దారిలోనే లేపేయడానికి అవతలివాళ్లు ఒకరిని పంపారు. ఆడో మగో తెలీదు," అంది చీఫ్ వినోనా.

"నా మోకాళ్ల సంగతి తెలుసుగా మేడం?" అన్నాడు ఏజెంట్ ఎఫ్రాయిన్.

"అందుకే నిన్నెవరూ అనుమానించరు."

ఇన్నేళ్ల సర్వీసుకు దక్కిన మెచ్చుకోలు అది. మర్నాడు ఉదయం ఎడారి ఊరు టూసాన్ పక్క కొండల్లో, రిటైరైన పోస్టుమాస్టర్ వేషంలో, చెవిటి మిషన్‌లా కనపడే ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, చేతికర్ర ఊతంగా అందరికంటే వెనక కాళ్లీడుస్తున్నాడు. వేషానికి పెద్దగా కష్టపడాల్సిన పనిలేకపోయింది. ఎటు చూసినా సగ్వారో కాక్టస్‌లే. మనిషికి నీడనిచ్చేంత వెడల్పు ఒక్కదానికీ లేదు.

ఎర్ర టోపీ, సినిమాతార నడక. కారిన్ అనే అమ్మాయి పక్కకు చేరింది.

"ఈ ఏడు పాములు లేచాయా?"

అది కోడ్.

"మార్చిలోనే లేచాయి," అన్నాడతను.

"హమ్మయ్య, మనవాడివే! నాది టూసాన్ ఆఫీసు. పుట్టి పెరిగిందీ ఇక్కడే. నువ్వు అలిసిపోయావులే పెద్దాయనా, మిరేయాను నాకొదిలెయ్."

అతనికి ప్రాణం లేచొచ్చింది. వదిలేశాడు కూడా.

కారిన్ చకచకా ముందుకెళ్లి, నీళ్లయిపోయిన మిరేయాకు తన బాటిల్ ఇచ్చింది. తిరిగొస్తుంటే చోయా అనే కాక్టస్ నుంచి ముళ్ల ముద్ద ఒకటి ఊడి పిక్కకు అతుక్కుంది. బట్టతల గైడు హెక్టర్ వెంటనే జేబులోంచి దువ్వెన తీశాడు. జుట్టున్నా లేకున్నా ఇక్కడ నడిచేవాళ్లందరి దగ్గరా దువ్వెన ఉంటుంది, ఆ ముద్దను చిమ్మి పారేయడానికి. కానీ కారిన్ ఆగలేదు. వేళ్లతో పట్టి లాగింది. ముద్ద కుడిచేతికి మారింది. ఎడమచేత్తో పీకింది. ఇప్పుడు రెండు చేతులూ దానికే అతుక్కుపోయాయి.

వెనకనుంచి ఎఫ్రాయిన్ ఇదంతా చూశాడు. టూసాన్‌లో మూడేళ్ల పిల్లకైనా తెలుసు, చోయాను చేత్తో ముట్టకూడదని. ఈమె ఇక్కడ పుట్టలేదు. మరి ఆ బాటిల్?

మిరేయా మూత తీసి పైకెత్తుతోంది. పరిగెత్తే ఓపిక లేదు. చేతికర్ర విసిరాడు. బాటిల్ ఎగిరి రాళ్లమీద పడింది. నీళ్లు బుసబుసా నురగ కక్కాయి.

"తల పగిలేది కదయ్యా! చంపుతావా ఏంటి?" అని అరిచింది మిరేయా. అంతలో ఆ నురగ చూసి నేలమీద కూలబడింది.

"నేను కాదమ్మా, ఆవిడ," అన్నాడు ఎఫ్రాయిన్.

"ముందీ ముళ్లు తియ్యండిరా బాబూ! మా వాళ్లందరి పేర్లూ చెప్తా!" అని ఏడుస్తోంది కారిన్. బేడీలు వేసే పని కూడా తప్పింది.

చెవిలో చీఫ్ గొంతు. "శభాష్! మన కోడ్ ఎలా పొక్కిందో నేను చూసుకుంటా. హెలికాప్టర్ పంపమంటావా, మిరేయా కోసం?"

ఎఫ్రాయిన్ వచ్చిన దారంతా వెనక్కి చూశాడు.

"పంపండి మేడం. ఆమె నడవగలదు. నాక్కావాలి."